నోరు కట్టుకున్న ఏడాది

దోన్ ఎలీహియో కూర్చోగానే కుర్చీ విరిగింది.

ఆస్పత్రి హాల్లో ఎవరూ నవ్వలేదు. అక్కడున్న వాళ్లలో వంద కిలోలకు తక్కువ ఎవరున్నారు గనక? రేపు తమ వంతు కావచ్చు.

ఒక్క ఒఫేలియా మాత్రం నవ్వింది.

"మళ్లీ పెరిగారా దోన్ ఎలీహియో?"

"రెండు కిలోలు, దోన్యా," అన్నాడాయన, నేల మీంచి ఆయాసపడుతూ లేచి. ఆడవాళ్లందరినీ మర్యాదగా దోన్యా అనే పిలుస్తాడు. బేకరీలో తెల్లారకముందే పనిలోకి దిగే మనిషి. చొక్కా నిండా వెన్న వాసన, పంచదార వాసన.

మెక్సికోలో, ప్వెబ్లా నగరంలోని ఆ ఆస్పత్రిలో ఊబకాయానికి కొత్త మందు పరీక్షిస్తున్నారు. ప్రతి గురువారం ఒక సూది, ఏడాది పాటు. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరిది ఏదో సూది వేసే నర్సు చాయోకి కూడా తెలీదు.

మొదటిరోజే డాక్టరు చెప్పాడు: "ఆకలి మీ కడుపులో లేదు, తలలో ఉంది. తిన్నాక మెదడుకు 'ఇక చాలు' అన్న కబురు అందాలి. మీకది అందడం లేదు. ఈ మందు అందిస్తుందేమో చూద్దాం."

ఒఫేలియా ఆ మాట చెవిన పెట్టలేదు. ఆవిడకు కావలసిందల్లా ముప్పై కిలోలు తగ్గడం. తగ్గితేనే కుడి మోకాలికి ఆపరేషన్ చేస్తామన్నారు. లేదంటే చక్రాల కుర్చీయే. స్కూలు యూనిఫాంలు కుట్టి బతుకుతోంది. మిషను తొక్కడానికి కాలుండాలి కదా.

అందుకే సూది ఒక్కదాన్నే నమ్ముకోకుండా చర్చికి కూడా వెళ్లింది. అక్కడ తాగుబోతులు గ్వాదలూపే మేరీ తల్లి ముందు ఏడాదిపాటు తాగుడు జోలికి పోమని ఒట్టేసి, ఫాదర్ చేత కార్డు రాయించుకుంటారు. ఈవిడ రొట్టె మానడానికి కార్డు అడిగింది. ఫాదర్ కళ్లజోడు తీసి మరీ చూశాడు.

రాసైతే ఇచ్చాడు.

మూడో వారానికల్లా రొట్టె మీద యావ పోయింది. బేకరీ ముందు నుంచి నడిచినా తల తిప్పబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లుగా చెవిలో నసపెడుతున్న రేడియోను ఎవరో కట్టేసినట్టయింది.

అప్పట్నుంచీ ప్రతి గురువారం ఆ కార్డు అందరికీ చూపించేది. "అంతా తల్లి దయ. మనిషికి మాత్రం పట్టుదల ఉండొద్దూ?" అనేది.

ఆ మాట దోన్ ఎలీహియోకే తగిలేలా అనేది.

కుర్చీ విరిగిన రోజునా అదే ఎత్తుకుంది.

"మీరూ ఒక ఒట్టు వేసుకోకూడదూ?"

"మూడుసార్లు వేశాను దోన్యా. మూడూ తప్పాను."

"తల్లికిచ్చిన మాటే తప్పినవాళ్లకు సూదులేం చేస్తాయి? ఇంటిపట్టున కూర్చోండి. మాకు కుర్చీలైనా మిగుల్తాయి."

ఆయన మొహం చిన్నబోయింది.

"చేతులు పిండిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాను. పంచదార పూసిన కోంచా రొట్టెలు పొయ్యిలోంచి తీశాకే నా వల్ల కాదు. వద్దనుకుంటూనే తింటాను. ఏడుస్తూ తింటాను."

"ఏడుస్తూ ఎన్ని తింటారేమిటి?"

ఈసారి హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. వంతు రాగానే లోపలికెళ్లి సూది వేయించుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదంతా ఒక్క గురువారం కూడా మానలేదు.

ఎనిమిదో నెలకు ఒఫేలియా ముప్పై ఒక్క కిలోలు తగ్గింది. మోకాలు బాగుచేశారు. ఏడాది నిండేసరికి కర్ర లేకుండా నడుస్తోంది.

సూదులు అయిపోయాయి.

ఆ తర్వాత ఐదో వారంలో, పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే వీధిలోంచి కాలిన పంచదార వాసన వచ్చింది. రొట్టెలమ్మే సైకిలు. ఒఫేలియా గబగబా ఇంకో రెండు కాలర్లు కుట్టింది. తల్లిని తలుచుకుంది. కార్డును ఇంకో ఏడాదికి తిరగరాయించుకుని నాలుగు రోజులైనా కాలేదు.

కాసేపటికి ఆరు కోంచాలు అయిపోయాయి. ఏడోది నములుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. నోరు మాత్రం ఆగలేదు.

మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగింది. ఇలాగే పెరిగితే కొత్త మోకాలు మొయ్యలేదని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆస్పత్రికి పరుగెత్తింది.

"చాయో, ఇంకొక్క సూది వెయ్యి తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా చేతిలో ఏముందమ్మా? పరీక్ష అయిపోయింది. ఆ మందు బజారులోకి ఎప్పుడొస్తుందో, వచ్చినా మనం కొనగలమో లేదో. మొన్ననే ఎవరిదేమిటో చెప్పారు. మీది మందేనట."

ఒఫేలియా అక్కడే బల్ల మీద కూలబడింది. ఏడాదంతా తన పట్టుదల అనుకున్నది సూదిలోంచి వచ్చిందన్నమాట.

"మరి దోన్ ఎలీహియోది?"

"ఉప్పునీళ్లు."

తానన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"ఆయన బేకరీ ఎక్కడో చెప్పు. వెళ్లి క్షమించమని అడుగుతాను."

"లేరమ్మా. పోయిన నెల గుండె ఆగి పోయారు."



"తనవి నీళ్లని తెలిస్తే ఎప్పుడో మానేసి ఉండేవారు, పాపం. నా మాటలు పడే ఖర్మ తప్పేది."

"తెలియకపోవడమేం? యావ తగ్గకపోయేసరికి రెండో నెలలోనే కనిపెట్టేశారు. మానేస్తానని నా దగ్గరికి వచ్చారు కూడా," అంది చాయో. "అప్పటికే సగం మంది వెళ్లిపోయారు, ఇరవై మందే మిగిలారు. ఇంకొక్కరు తగ్గినా ఇక్కడ మూసేస్తారని చెప్పాను."

"ఏమన్నారు?"

"'మూసేస్తే ఆ కుట్టుపని దోన్యాకు కూడా సూది ఆగిపోతుందా?' అని అడిగి, అవునన్నాక చొక్కా పైకెత్తి పొట్ట చూపించారమ్మా, సూది వెయ్యమని."