ఒక విషయం, ఒకే తల

ముప్పయ్యేళ్లు డేటాబేసులు సర్ది రిటైరైన నిఖిలేష్ గారికి ఒకే విషయం రెండు చోట్ల కనిపిస్తే ఒళ్లు మండేది. అందరి జ్ఞాపకాలూ చెవి వెనక అమర్చిన చిప్పు బిళ్లలోకి చేరిన రోజులవి. ఇంట్లో ఏ సంగతైనా ఒక్కరి తలలోనే ఉంచుకుంటే కంపెనీవాళ్లు బిళ్ల అద్దెలో రాయితీ ఇచ్చేవారు. రాయితీ అంటే ఆయన శ్మశానం ముందైనా కారు ఆపి కనుక్కునే మనిషి.

"ఏవండీ, మన పెళ్లి కూడా నా ఒక్కదాని తలలోనేనా?" అంది భార్య హారిక.

"ఇద్దరం చేసుకుంది ఒకే పెళ్లేగా. రెండు కాపీలెందుకే?"

అలా కరెంటు బిల్లులూ, పన్నులూ ఆయనకొచ్చాయి. పెళ్లి, పిల్ల పుట్టడం, ఎవరికేది ఇష్టమో, అన్నీ హారికకి వెళ్లాయి. ఆయన తలలో వాటి చోట, అవి ఎవరి దగ్గరున్నాయో చెప్పే చిన్న గుర్తు మిగిలింది.

ఓ సాయంత్రం హారిక పోయింది. ఆమెతోపాటే బిళ్లా ఆగిపోయింది. ఇంకో కాపీ ఉందా అని కంపెనీవాళ్లని అడిగితే, "మీరే వద్దన్నారు కదండీ," అన్నారు మర్యాదగా.

హాల్లో పడుకోబెట్టింది తన భార్యనేనని నిఖిలేష్ గారికి తెలుసు. ఏడవాలంటే ఏదో ఒకటి గుర్తు రావాలి కదా అని పక్కనే కూర్చున్నారు. ఆస్తిపన్ను గడువు గుర్తొచ్చింది.

కూతురు ధృతి బీరువా తెరిచి కళ్లు తుడుచుకుంది. "నాన్నా, అమ్మకి బాగా ఇష్టమైన చీర ఏది? అదే కడదాం."

ఆయన తలంతా వెతికారు. దొరికిన ఒకే ఒక్క జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"మీ అమ్మనడుగమ్మా."