ఒకే కత్తెర

"చిట్టిని ఉన్న బళ్ళోనే ఉంచితే, రెండు నుంచి ఏకంగా నాలుగో తరగతిలో కూర్చోబెడతామన్నారు హెడ్‌మాస్టరుగారు," అన్నాడు భర్త. కొత్త బడి వాళ్ళు పంపిన సీటు కాగితం మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.

"ఆ ఊసెత్తకండి. మీ వదిన కూతురు ఆ పెద్ద బడికి వెళ్తుంటే మన పిల్ల ఇక్కడ పడుండాలా? మూడేళ్ళు పెద్దదైనా లెక్కల్లో చిట్టి ముందు అది దిగదుడుపే!"

ఆవిడ కుట్టుమిషను ఆపలేదు. పోయిన వారం తోడికోడలు తన కూతురి యూనిఫాం కుట్టమని కొలతలిచ్చి, "అక్కడ తెలివైన పిల్లల్నే తీసుకుంటారులే" అని సాగదీసి వెళ్ళింది. ఆ మంటలోనే ఈవిడ రెండు గుడ్డలు ఒకదానిమీద ఒకటి పరిచి, ఇద్దరు పిల్లలకీ ఒకేసారి యూనిఫాం గౌన్లు కత్తిరించేసింది.

"చిట్టిని అడిగావా?"

"ఏడేళ్ళ పిల్లని అడిగేదేంటండీ!"

దారం కొరికి, చిట్టిని పిలిచి గౌను తొడిగింది. భుజాలు మోచేతుల దాకా జారిపోయాయి. అంచు పాదాల మీద పడింది.

"ఇది అక్కది కదమ్మా?" అంది చిట్టి.

"నీదేనే..." అంటూనే ఆవిడ గోడకి గుచ్చిన కొలతల చీటీ వైపు చూసింది. ఒక్కటే చీటీ. తోడికోడలి కూతురిది. వీధిలో పిల్లలందరినీ కొలిచి కుట్టే తను, కన్నబిడ్డ ఒంటికి టేపు పెట్టనేలేదు.



ఆవిడ మెళ్ళో టేపు తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. "నీకు ఏ బడి కావాలే, తల్లీ?"

అమ్మ అడిగింది తననని తోచక, అక్క వచ్చిందేమోనని చిట్టి వెనక్కి తిరిగి చూసింది.