నాలుగో తాళాల పెట్టె

ఆసుపత్రి కంప్యూటర్లన్నిటి అసలు పాస్‌వర్డులు దాచే సర్వర్లను అక్కడి కంప్యూటర్ ఆఫీసులో తాళాల పెట్టెలంటారు. వాటిలో చిల్లుందని వారం మొదట్లో తెలిసింది. అప్పటినుంచీ ఎవరికీ కంటిమీద కునుకు లేదు. మూడు పెట్టెలకు ఆ చిల్లు పూడ్చే ప్యాచ్ వేశారు. హమ్మయ్య అనుకునేలోగా నెట్‌వర్క్ స్కాన్‌లో నాలుగోది కూడా ఉన్నట్టు పలికింది.

పలుకుతోంది సరే, ఎక్కడుంది? ఏ గది వెతికినా లేదు. పాతకాలపు మొండిఘటం, దగ్గర కూర్చుంటే తప్ప ప్యాచ్‌కు లొంగదు. ఈలోగా ఏ దొంగవెధవ దూరినా ఐసీయూ యంత్రాలు వాడి చేతిలోకి పోతాయి.

"దాన్ని పెట్టిన పెద్దాయన్నే అడగాలి," అన్నాడు మేనేజరు. "మీరే వెళ్లండి మేడమ్. ఆయన్ని మాట్లాడించడం మీకొక్కరికే చేతనవును."

ఆమె బ్యాగు తీసుకుని బయల్దేరింది, నమ్మకం లేకపోయినా. పెద్దాయన ఉద్యోగం మానేసిందే మతిమరుపు వల్ల. పాత సంగతులు నిక్షేపంగా చెబుతాడు, పొద్దున ఏం తిన్నాడో చెప్పలేడు. ఆ పాత సంగతులైనా మనసు బాగుంటేనే.

ఆయన తలుపు ముందు నిలబడి, మెడలో ఐడీ కార్డు సరిచేసుకుని బెల్ కొట్టింది. కార్డు చూడందే ఆయన ఎవర్నీ గడప దాటనివ్వడు.

"ఆఫీసు నుంచా? రండి రండి. కొత్తగా చేరారా?"

"అవును సార్." ఎప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు.

"మీ మేనేజరుతో జాగ్రత్తమ్మా. నోరెక్కువ, బుర్ర తక్కువ."

ఆమె ఫక్కున నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో! నవ్వు ఆగకుండానే ఏడుపొచ్చింది, దిగమింగుకుంది.

నాలుగో పెట్టె మాట ఎత్తగానే ఆయన మొహం బిగుసుకుంది.

"అది మాత్రం చెప్పను. మా ఆవిడకే చెప్పలేదు, తెలుసా? ఆఫీసు గుట్టు ఇంట్లో విప్పకూడదని నా రూలు. అడిగి అడిగి ఊరుకుంది పాపం."

"దానికి చిల్లు పడింది సార్. ఎవడైనా దూరొచ్చు. ఐసీయూలో పేషెంట్లు..."

"ఓరి నాయనో! ఇంతసేపూ నాన్చుతారేంటమ్మా?" ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు ఖంగుమంది. ఆ క్షణాన అచ్చంగా పాత మనిషే. "ఎక్స్‌రే గది వెనక మందుల స్టోరుంది కదా, దాని అటక మీద. అక్కడైతే ఏసీ ఆపరని పెట్టాను. పరిగెత్తమనండి!"

ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. తర్వాత ఇద్దరూ ఆ ఫోన్‌నే చూస్తూ కూర్చున్నారు, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా. చివరికి మోగింది. పెట్టె దొరికింది, ప్యాచ్ పడింది, ఎవరూ దూరలేదు.

"ఎందర్నో బతికించారు సార్," అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దుపోతోందమ్మా. మీవాళ్లు ఎదురుచూస్తుంటారు. మా ఆవిడ కూడా వచ్చే వేళయింది."

"ఆవిడంటే మీకు చాలా ఇష్టమా సార్?"

"భలేవారే! అది లేకపోతే నాకు పూట గడవదు. ఇవాళెందుకో ఆలస్యం చేసింది, కంగారుగా ఉంది. మీరు బయల్దేరండి."

ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చింది. వెనక తలుపు పడింది. లోపలినుంచి గొళ్లెం పెట్టిన చప్పుడయింది. మెట్ల మీద కూలబడి, కుమిలి కుమిలి ఏడ్చింది.

వెళ్లడానికి ఆమెకు ఇంకో ఇల్లు లేదు, ఆయన ఎదురుచూస్తున్న పెళ్లాం తనే.