ఆకుపచ్చకు రెండు మార్కులు

మల్లేశ్వరి పోటీకి అందరికంటే ముందే వచ్చి, విష్ణు ఎప్పుడూ కూర్చునే కుర్చీకి కుడిపక్క కుర్చీ మీద కర్చీఫ్ వేసింది, బస్సులో సీటు ఆపుకున్నట్టు.

ఆ వెనకే ఇంకొకాయన వచ్చి, ఆమెకు కుడిపక్క కుర్చీ మీద తువ్వాలు వేశాడు.

నలభై దాటిన మనిషి. ఆదోనిలో కార్డులాడేవాళ్ళలో ఆమె ఎన్నడూ చూడని ముఖం. పేరు కాశప్ప అని, చిప్పగిరి నుంచి వచ్చానని చెప్పాడు. ఆమె ఊఁ అని ముఖం తిప్పుకుంది. ఈ రోజు ఆమెకు కావలసింది స్నేహం కాదు, పగ తీరడం.

పగ ఉండదా మరి!

వాళ్ళాడే ఆటలో మంత్రగాళ్ళు, రాక్షసులు, మృగాలు ఉన్న కార్డులు ఐదు రంగుల్లో ఉంటాయి. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక ప్యాకెట్ విప్పుతారు. ఒక్క కార్డు ఉంచుకుని మిగతావి పక్కవాళ్ళకు తిప్పుతారు, కార్డులన్నీ అయిపోయేదాకా ఇలాగే. వేరే ఊళ్ళలో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పుతారట. ఆదోనిలో ఎప్పుడూ ఎడమకే. తిప్పేటప్పుడు నోరు విప్పకూడదు. ఏరుకున్న కార్డులతోనే తర్వాత ఆడాలి. గెలిచినవాళ్ళు బెంగళూరు పెద్ద పోటీకి వెళ్తారు.

కొత్త కార్డులు వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో వాటికి మార్కులు వేసేది విష్ణు. చేత్తో పట్టి పత్తి నాణ్యం చెప్పే వ్యాపారుల ఇంట్లో పుట్టినవాడు కదా, వాడి మాటంటే అందరికీ గురి. పోయినసారి ఆకుపచ్చ మృగాలన్నిటికీ పదికి రెండే వేశాడు. అవి మెల్లగా కదిలి వచ్చేసరికి ఆట అయిపోతుందని రాశాడు. అందరూ నమ్మి వదిలేశారు. వదిలేసినవన్నీ వాడే ఏరుకున్నాడు. ఫైనల్లో కొండ ఏనుగుతో మల్లేశ్వరిని తొక్కించి, ఆమె పోవలసిన బెంగళూరుకు తాను పోయాడు.

ఇదేం అన్యాయమని అడిగితే నవ్వాడు.

"మార్కులేసింది నేనే. నమ్మింది నువ్వు."

ఎమ్మిగనూరులో తన సెల్‌ఫోన్ల షాపులో కూర్చున్నా ఆ నవ్వే చెవుల్లో మోగేది. పళ్ళు నూరుకునేది.

ఈసారీ ఆకుపచ్చకు రెండు మార్కులే వేశాడు ఆ పెద్దమనిషి. పోయినసారి ఏదో అదృష్టం కొద్దీ గెలిచానని చెబితే, తక్కినవాళ్ళు అదీ నమ్మారు.

విష్ణు వచ్చి బల్ల వైపు చూశాడు. ముఖం మాడిపోయింది. తనను చూసే అలా అయ్యాడనుకుని మల్లేశ్వరి లోపల పొంగిపోయింది.

ఆమె పట్టుదల ఒక్కటే. ఎడమన ఉన్న వాడికి మంచి ఆకుపచ్చ కార్డు అందకూడదు. తానూ వాటితో ఆడదు. వాడి ఏనుగులు వాడి కళ్ళ ముందే మూలన పడి ఉండాలి. తన రెండు కళ్ళు పోయినా సరే, వాడికి ఒక కన్ను పోవాలి.

కాశప్ప తిప్పిన మొదటి గుత్తిలోనే పెద్ద ఆకుపచ్చ ఏనుగు కనిపించింది. లాగేసుకుంది. తర్వాత అడవిపంది వచ్చింది, ఆ తర్వాత దాని తాత లాంటిది. ఆయన వదిలినకొద్దీ ఒకదాన్ని మించినది ఒకటి వస్తూనే ఉంది. పాపం వెర్రిబాగులవాడు, ఈయన కూడా ఆ మార్కులు నమ్మాడనుకుంది.

విష్ణుకు తాలు మిగిలింది. ఏది తీయాలో తోచక వాడు గుత్తిని అటూ ఇటూ తిరగేస్తుంటే ఆమెకు పండగలా ఉంది.

ఏరుకోవడం అయ్యాక ఆకుపచ్చ కార్డులన్నీ పక్కన బోర్లించి, మిగిలిన రంగులతో అతుకుల బొంత లాంటి కట్ట ఒకటి పేర్చుకుంది. కాశప్ప అది చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఆ పచ్చవి ఆడవా మ్మా?"

"ఆడేదానికి తీసుకోల్యా అన్నా. వానికి అందకూడదని తీసుకున్న్యా."

"పగ యాడికి పోతాది. బెంగుళూరు పోవల్ల కదా నువ్వు."

నా సంగతి నీకెందుకని కసిరింది. ఆయన తన కార్డుల వైపు తిరిగాడు.

మొదటి ఆటలోనే విష్ణు ఓడిపోయాడు. మల్లేశ్వరీ ఓడిపోయింది. కాశప్పా ఓడిపోయి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. బెంగళూరు అవకాశం పత్తికొండ నుంచి వచ్చిన అనిల్‌కు దక్కింది. ఆ కుర్రాడు తాను గెలిచానని తనే నమ్మలేకపోయాడు.

మల్లేశ్వరి మెట్ల దగ్గర విష్ణును ఆపింది.

"ఎట్లుందప్పా, ఏనుగుల్లేకుండా?"

వాడికి కోపం రాలేదు. ఆ ఆకుపచ్చ కార్డులు చూపించమన్నాడు. ఆమె గర్వంగానే చూపించింది. ఒక్కొక్కటే తిప్పి చూసి, వీటితో ఆడి ఉంటే ఈ రోజు నిన్ను గెలిచేవాడే లేడు అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు.

మల్లేశ్వరి కార్డులు వెనక్కి లాక్కుంది. పక్కనాయన నీ మార్కులు నమ్మి వదిలేశాడు, నేను తీసుకున్నాను, అంతేగా అంది.

విష్ణు బస్టాండు దారి వైపు చూశాడు.

"కాశప్పన్న నా మార్కులు నమ్ముతాడా? పచ్చ కార్డుకు ఇలువ కట్టేది నాకు నేర్పించిందే ఆయన. నీకు నేను చేసింది తెలిసినప్పట్నుంచీ నాతో మాటే మానేసినాడు. ఇన్నేండ్లలో ఆయప్ప పచ్చ తప్ప ఇంగో రంగు ఆడిందే లేదు మల్లేశ్వరీ, ఈ పొద్దు ఒక్కటంటే ఒక్కటి కూడా తీసుకోల్యా."