బెండు రంగు

తాళ్లలో చిక్కిన తిమింగలాలను విడిపించడానికి మా రేవు నుంచి వెళ్లేది బోనులు వేసి లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే థర్లో, అతని కూతురు మెరిల్. మా దగ్గర బోను తాళ్లకు కట్టే, నీటి మీద తేలే బెండ్లు ఒక్కో ఇంటివి ఒక్కో రంగు.

ఆ రోజు ఒక తిమింగలం వాళ్ల పడవ పక్కనే తేలింది. తాడు దాని నోరు కోసుకుంటూ తోక దాకా చుట్టుకుంది. తాడు చివరి బెండు తోక కింద నీళ్లలో ఉంది.

"నోటి దగ్గర కొయ్యి నాన్నా! ఎవడి తాడో తెలియనీ, వాడి లైసెన్సు ఊడగొట్టిస్తా."

థర్లో గడకు కట్టిన కత్తిని తోక వైపు తిప్పి కోశాడు. బెండొక్కటే విడిపడింది. తిమింగలం నోట్లో తాడుతోనే మునిగింది.

"కళ్లు పోయాయా నీకు?" అంటూ మెరిల్ బెండును పైకి లాగింది. ఆకుపచ్చ మీద పసుపు చార. చలికాలంలో వంటింట్లో కూర్చుని తను వేసిన రంగే.

రేవు నుంచి రేడియోలో ఇంకో పడవ పంపమంటారా అని అడుగుతున్నారు.

మెరిల్ బెండును ఎర తొట్టిలో అడుక్కి కుక్కింది.

"వద్దండీ. ఇక్కడ తిమింగలమేదీ లేదు."