ముట్టని గ్లాసు

"నీళ్ళు తాగుండ్రి" అంటూ మెర్సీ స్టీలు గ్లాసు అందించింది.

నల్లా బాగుచేసే పరశురాములు ఆ గ్లాసు వైపు చూడనైనా చూడలేదు.

"వద్దు చెల్లె. నా సీసా ఉంది."

సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి రెండు గుక్కలు తాగాడు.

మెర్సీకి గుండెలో ముల్లు దిగినట్టయింది. చిన్నప్పుడు మక్తల్ దగ్గరి ఊళ్ళో, హోటల్ బయట వాళ్ళమ్మకు వేరే గ్లాసు ఉండేది. ఇప్పుడు ఆలేరులో సొంతిల్లు, అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం. అయినా ఆ గ్లాసు వెంటాడుతూనే ఉందనుకుంది.

భర్త విజేందర్ పోయి ఏడాదయింది. ఉన్నన్నాళ్ళూ ఆమెను స్క్రూడ్రైవర్ ముట్టనివ్వలేదు మహానుభావుడు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఆమెకు తెలీదు. ఆ పొద్దున బోరు నల్లా ఊడి నీళ్ళు వాకిలి దాటుతుంటే, రెండు చేతులూ అడ్డం పెట్టి ఏడ్చేసింది. ఎదురింటి మల్లిక ఈయనకు ఫోన్ చేసింది.

వచ్చినాయన పని చేస్తాడా అంటే అదీ లేదు. తుపాకి పట్టిన జవానులా నిటారుగా నిలబడ్డాడు.

"గా పానా పట్టు. కుడికి తిప్పు."

"నేనా?"

"మరి నీ ఇంటి నల్లా ఎవలు తిప్పుతరు?"

తిప్పింది. అరచెయ్యి కమిలింది గానీ నీళ్ళు ఆగాయి. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది.

అంతలోనే అనుమానం వచ్చింది. కిందికి వంగితే మా నేల అంటుకుంటుందనా?

వారం తిరక్కుండా ఫీజు పోయింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ నిలబడే చెప్పాడు. ఆమె చేతే తీగ వేయించాడు. చాయ్ ఇస్తే అదే మాట.

"వద్దు చెల్లె."

సాయంత్రం మెర్సీ ఎదురింటికి వెళ్ళింది.

"మల్లికా, మీ ఇంట్ల ఆయన నీళ్ళు తాగుతడా?"

"నీళ్ళేంది వదినా, చాయ్ గూడ అడిగి తాగుతడు!"

మల్లిక వాళ్ళు భూములున్నవాళ్ళు. ఇక మెర్సీకి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మూడోసారి పిలవకుండానే వచ్చాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేవడం చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు.

"చెల్లె, వాకిట్ల సర్కారు నల్లా ఉంది గద. పైపు ఏసి వంటింట్లకు గుంజుకో. తాగుటానికి గవే నీళ్ళు మంచియి. బోరు నీళ్ళు బట్టలకు వాడు."

సర్కారు నీళ్ళు మందు వాసనని మెర్సీ వాటితో బట్టలే ఉతికేది. బోరు వేయించింది విజేందర్. ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని ఊరంతా చెప్పుకునేవాడు.

ఇన్నాళ్ళూ ఆపుకున్నది ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది.

"మా నీళ్ళు తాగితె మీ కులం కరుగుతదా? పైనుంచి మా బోరుకు వంకలా? ఇగ రాకుండ్రి మా ఇంటికి!"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. మెడ తిప్పకుండా, ఒళ్ళంతా ఒక్కసారే తిప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పానా మాత్రం గట్టు మీదే ఉంది. మళ్ళీ రావడానికి సాకు పెట్టుకున్నాడని అనుకుంది.

ఇరవై రోజులైనా రాలేదు. ఆ ఇరవై రోజుల్లో మెర్సీ అదే పానాతో స్నానాలగది నల్లా మార్చింది. మల్లిక ఇంట్లో కారుతున్న నల్లా కూడా బిగించింది. పరాయి వస్తువు మనకెందుకని, ఒక ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

గోడ మీద పరశురాములు ఫొటో. దానికి బంతిపూల దండ.

ఆయన భార్య బిక్షమ్మ చాప మీద కూర్చుని ఉంది.

"శుక్రారం పోయిండు చెల్లె."

మెర్సీ చాప అంచున కూర్చుంది. పానా చేతిలో బరువెక్కింది.

"ఇది... మా ఇంట్ల మర్శిపోయిండు."

"మర్శిపోలే. మెర్సీ చెల్లె నేర్సుకున్నది, ఆమెకే ఇడిశిపెట్టిన అన్నడు. ఆయనకు వంగొస్తె గద! నడుము కట్టె అయింది, మెడ తిరుగది. అందుకే పక్కపొంటి నిలవడి చేపిస్తుండె."

బిక్షమ్మ లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"తాగు చెల్లె, సర్కారు నల్లాయే. బోరున్న ఇంట్ల సుక్క ముట్టకపోతుండె ఆయన."

మెర్సీ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మల్లిక ఇంట్లో బోరు లేదు.

"చెప్పొచ్చు గద అక్కా... ఒక్క మాట!"

"ఎట్ల చెప్తడు? చెప్పాలంటె ఆయన కత గూడ చెప్పాలె గద. నువ్వింకా గా బోరు నీళ్ళే తాగుతున్నవని ఆఖరి దినం గూడ రంది వెట్టుకున్నడు."

"నేను ఆయనకు ఏమైతనని గంత రంది?"

బిక్షమ్మ ఫొటో వైపు చూసింది.

"మాది మర్రిగూడ దిక్కు. మా వాడకట్టుల బోరింగు పడ్డనాడు కొబ్బరికాయలు కొట్టినం. గా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆయన నడుము గట్లయింది, మా బిడ్డ కాళ్ళు వంకరవోయినయి, మంచం పట్టి పోయింది."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గా బోరింగు బిగించింది ఆయన చేతులే చెల్లె."