వెనకగది ఆఖరి భాగం

ఆ పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. టైపక్క ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఎడిటర్ ఉత్తరాలు చింపుతున్నాడు. ఆ వారపత్రికలో పద్దెనిమిదేళ్లుగా కథలన్నీ ఆమె వేళ్లమీదుగానే కంప్యూటర్లోకి వెళ్తున్నాయి. అందరికీ ఆమె టైపక్కే. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా కనపడదు.

బల్లమీద రెండు కుప్పలున్నాయి. ఒకటి మూరెడు ఎత్తు. రెండోదాంట్లో మూడు కార్డులు.

"ఇది వినమ్మా. 'అయ్యా, మీ వెనకగది సీరియల్లో దయ్యం నలభై వారాలు లోపలినుంచి తలుపు కొట్టింది. మా పిల్లలు పక్క తడిపారు. తీరా కోడలు తలుపు తీస్తే గ్లాసుడు మంచినీళ్లు అడిగి, తాగి, తన దోవన తను పోయిందా? ఆ నీళ్లేవో మొదటివారమే ఇచ్చి పంపలేకపోయారా?'"

టైపక్క నవ్వలేదు.

"ఇంకోటి. 'ఇది రాసినాయన మా వీధికి వస్తే ఆయనకీ నీళ్లు ఇస్తాం. బిందెతో, నెత్తిమీద.' ఇద్దరు చందా మానేశారు. ఒక హెడ్మాస్టరు ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపాడు."

"ఆ మూడూ ఏంటి సార్?"

"బాగుందన్నవాళ్లు. ఒకావిడకి పోయిన అత్తగారు గుర్తొచ్చిందట, ఏడ్చిందట. దయ్యం కథకి ఏడవడమేంటి?" ఆ కార్డును పక్కకు గిరాటేశాడు. "పదకొండింటికి ఇది రాసిన మాస్టారిని రమ్మన్నాను. కొత్త సీరియల్ ఆయనకే అనుకున్నాం కదా. ఇక లేదు. మొహంమీదే చెప్పేస్తా."

టైపక్క తన కుర్చీలో కూర్చుంది గానీ వేళ్లు కదల్లేదు. ఆ ముగింపు మాస్టారు రాసింది కాదు. తను రాసింది.

మాస్టారు చేత్తో రాసి పోస్టులో పంపిస్తాడు. వారానికి ఏడు కాగితాలు. అంకెలు వేయడు. వాక్యం తోక పట్టుకుని వరస తెలుసుకోవాలి. అంకెలు వేయండి మాస్టారూ అంటే, "నువ్వున్నావుగా తల్లీ" అంటాడు. ఆఖరి భాగం టైపు చేసే రోజు ఈదురుగాలికి కిటికీ తెరుచుకుని బల్లమీది కాగితాలు గదంతా ఎగిరాయి. ఏరి వరస పెడితే ఆరే ఉన్నాయి. కోడలు గొళ్లెంమీద చెయ్యి వేసిన చోట కథ ఆగిపోయింది. బీరువా కింద వెతికింది. వీధిలోకి దిగి మురిక్కాలవలో పుల్ల పెట్టి కూడా వెతికింది. మాస్టారు ఫోను వాడడు. ఎడిటర్ ఆ రెండ్రోజులూ జ్వరంతో లేవలేదు. ప్రెస్సువాళ్లు గంటకోసారి అరుస్తున్నారు. చివరికి ముప్ఫై వాక్యాలు సొంతంగా రాసి పేజీ నింపింది. ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు వచ్చేసరికి వాన పట్టుకుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎడిటర్ పెద్దకుప్ప ఆయన ముందుకు తోశాడు. ఆయన ఒక్కొక్కటే చదివి, దాని మడతల ప్రకారమే మళ్లీ మడిచి పెట్టాడు.

"ఏమంటారు?" అన్నాడు ఎడిటర్.

"తిట్టడం బాగా వచ్చు వీళ్లకి."

"వేళాకోళం కాదండీ. నలభై వారాలు మంట పెట్టి, చివర్లో మీరే నీళ్లు పోశారు. ఎందుకలా చేశారు?"

మాస్టారు టైపక్క వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"అలా కుదిరింది" అన్నాడు.

"అయితే కొత్త సీరియల్ వేరేవాళ్లకి ఇస్తున్నాం."

"సరే."

తన తప్పు ఆ ముసలాయన నెత్తికెత్తుకుంటుంటే టైపక్క ఇక కూర్చోలేకపోయింది. లేచి బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, ఆ ముగింపు మాస్టారిది కాదు. ఆఖరి కాగితం గాలికి పోయింది. నేనే రాసి పెట్టాను."

ఎడిటర్ కళ్లద్దాలు తీశాడు. "ఒక్క కామా మార్చాలన్నా నన్ను అడిగేదానివే."

"అడగడానికి మీరు లేరు."

"తర్వాత ఉన్నానుగా. ఇంతసేపూ నీ ముందే ఆయన్ని తిడుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"తప్పే సార్. నన్ను తీసేయండి. సీరియల్ ఆయనకివ్వండి."

"తీసేయక నెత్తిన పెట్టుకుంటానా? నెలాఖరుదాకా ఉండి, వచ్చేవాళ్లకి పని అప్పగించి వెళ్లు."

ఆమె తలూపింది. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. ఆ మాట అనలేదు.

"ఎన్ని కాగితాలు దొరికాయి తల్లీ?" అన్నాడు మాస్టారు.

"ఆరు మాస్టారూ. ఏడోది ఎంత వెతికినా దొరకలేదు. మీ కష్టం పోగొట్టాను."

ఆయన తలవంచుకుని అరచేతులు చూసుకున్నాడు.

ఎడిటర్ గొంతు తగ్గించాడు. "నన్ను క్షమించండి మాస్టారూ. మీ అసలు ముగింపు మళ్లీ రాసివ్వండి. వచ్చే సంచికలో తప్పు ఒప్పుకుని వేద్దాం. ఈవిడ పేరుతో సహా. కొత్త సీరియల్ మీదే."

మాస్టారు మడిచిన ఉత్తరాల అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు. వాన చూస్తే ఎవరినీ గుమ్మం దాటనిచ్చేలా లేదు. ఒంటిగంటకి ఎడిటర్ ఉత్తరాలు పక్కకు జరిపి డబ్బా విప్పాడు. టైపక్క తన డబ్బాలోది సగం తీసి మాస్టారికి పెట్టింది. ఎడిటర్ ఒక గరిటెడు తనదీ వడ్డించి, ఆమె వైపు చూడకుండా కూర గిన్నె ఆమెకు జరిపాడు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తలలు వంచుకుని తింటున్నారు.

మాస్టారి చెయ్యి కంచంలో ఆగింది.

"ఏడో కాగితం నేను రాయనే లేదు" అన్నాడు.